సొంత కిటికీల ఉద్యమం

"నేటి నుంచి ఈ కార్యాలయంలో రెడీమేడ్ అన్న మాట వినబడకూడదు! ప్రతి సాఫ్ట్‌వేరునూ మూలం నుంచి మనమే కట్టుకుంటాం!" అని డైరెక్టరుగారు గర్జించారు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు. రెడీమేడ్ ఎక్కడ కనబడినా వెంటనే తీసేసి, పైవాళ్లకి రాతపూర్వకంగా తెలియజెయ్యాలని సర్క్యులర్ కూడా పంచారు. నిజంగా కట్టవలసిన ఆవిడ మాత్రం చివరి వరసలో తల పట్టుకుంది.

ఆవిడ కంప్యూటర్ సెక్షన్లో తొమ్మిదేళ్లుగా టెంపరరీ. పర్మనెంట్ చేసే ఉత్తర్వు తయారుగా ఉంది, డైరెక్టరుగారి సంతకమే తరువాయి. ఇకమీదట సంతకాలన్నీ కొత్త ప్రోగ్రాములోనే చెయ్యాలట. అది తెరుచుకోవాలంటే తెరమీద కిటికీలూ బటన్లూ గీసిపెట్టే సాఫ్ట్‌వేరు ముక్క, లైబ్రరీ అంటారు, ఒకటి కావాలి. ఏ రకం కంప్యూటర్లోనైనా పనిచేస్తుంది, మంచి సరుకే. రెడీమేడ్‌గా దించుకుంటే రెండు నిమిషాల పని. మూలం నుంచి కంపైల్ చేస్తే, అంటే సొంతంగా కట్టుకుంటే, ఏకబిగిన ఆరు గంటలు. నెలాఖరులోగా సంతకం పడకపోతే ఆవిడ ఉద్యోగం ఊడుతుంది!

మొదలుపెట్టగానే ఫలానా లైబ్రరీ లేదంది కంప్యూటర్. అది కట్టబోతే దానికింకోటి కావాలంది. దానికి మరోటి! మూడు రోజులు ఆ బంధువర్గాన్నంతా పేరుపేరునా పిలిచి కూర్చోబెట్టాక, నాలుగోరోజు అసలు కంపైలింగ్ మొదలైంది. తెరమీద అక్షరాలు బారులు బారులుగా పరిగెడుతుంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా ఒంటిగంటకి కరెంటు పోయింది.

పోలేదు, తీసేశారు. భోజనాల వేళ మెయిన్ స్విచ్ ఆపెయ్యాలని డైరెక్టరుగారిదే ఇంకో సర్క్యులర్. పొదుపు ఉద్యమం!

ఆవిడ సూపరింటెండెంటు దగ్గరికి పరిగెత్తింది.

"సార్, రేపు ఒక్కరోజు మెయిన్ ఆపకండి సార్. ఇవాళ నలభై శాతం అయింది."

"నలభై శాతానికి రిజిస్టర్లో గడి లేదమ్మా. అయితే అయింది, లేకపోతే కాలేదు. మళ్లీ మొదట్నుంచి చెయ్యి."

"ఆగిన దగ్గర్నుంచి చేస్తే చాలు సార్!"

"సగం పని మీద సగం పనా? ఆడిట్ వాళ్లు నన్ను బతకనిస్తారా? మొత్తం చెరిపేసి మొదలెట్టు."

పది నుంచి ఒంటిగంట దాకా మూడు గంటలు. రెండు నుంచి ఐదు దాకా మూడు గంటలు. ఐదుకి మళ్లీ మెయిన్ బంద్. ఆరు గంటల పని ఎక్కడ ఇరికించాలి? ఆవిడ కట్టడం, కరెంటు కూల్చడం. రోజులు ఇలాగే గడిచిపోయాయి.

నెలాఖరుకి ముందురోజు, భోజనాల వేళ ఫ్యాన్లన్నీ ఆగిపోయాక, డైరెక్టరుగారి గదిలోంచి ఏసీ రొద వినిపించింది. అంటే ఆ గదికి లైను వేరన్నమాట! ఆవిడకి ఒళ్లు మండింది. మర్నాడు పదింటికే వైరు చుట్ట భుజానేసుకుని, తన కంప్యూటర్‌కి అక్కణ్నుంచి లైను లాగుదామని ప్లగ్గు వెతుక్కుంటూ ఆయన గదిలోకి దూరింది. డైరెక్టరుగారు ఇంకా రాలేదు. ఆయన కంప్యూటర్ మాత్రం వెలుగుతోంది.

తెరమీద కొత్త ప్రోగ్రాము! నిగనిగలాడే కిటికీలు, గుండ్రటి బటన్లు. లైబ్రరీ వివరాలు తెరిచి చూసింది. అచ్చమైన రెడీమేడ్ సరుకు, పెట్టింది ఉపన్యాసానికి ముందురోజు. ఇప్పటికే సంతకమైన ఉత్తర్వులు పదకొండు. మొదటిది డైరెక్టరుగారి బావమరిదిని స్వావలంబన సలహాదారుగా నియమిస్తూ.

"ఏంటమ్మా, నా గదిలో ఏం చేస్తున్నావ్?" గుమ్మంలో డైరెక్టరుగారు.

"మీ సర్క్యులర్ అమలు చేస్తున్నా సార్. రెడీమేడ్ కనబడితే వెంటనే తీసేసి, పైవాళ్లకి రాతపూర్వకంగా తెలియజెయ్యమన్నారుగా?" ఆవిడ చెరిపేసే మీట మీద వేలు పెట్టింది.

"ఆగాగు! అది... ఊరికే పరీక్ష కోసం పెట్టిందమ్మా!"

"పదకొండు సార్లు పరీక్షించారు సార్. నా ఉత్తర్వుతో కూడా ఒకసారి పరీక్షించండి."

డైరెక్టరుగారు చెమట తుడుచుకున్నారు. ఏసీ గదిలో! ఆనక టిక్కుమని నొక్కారు. తొమ్మిదేళ్ల ఎదురుచూపు ఆ ఒక్క టిక్కుతో తీరిపోయింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మిగతా కంప్యూటర్లలో కూడా ఈ రెడీమేడే పెట్టేసెయ్యమ్మా," అన్నారాయన గొంతు తగ్గించి. "ఎవరికీ చెప్పకు."

గంటలో అన్నిట్లోనూ పెట్టేసింది.

సాయంత్రం సభ. "ప్రతి కిటికీ, ప్రతి బటనూ మన చెమటతో కట్టుకున్నదే!" అని గర్జించారు డైరెక్టరుగారు. సూపరింటెండెంటు రిజిస్టర్లో 'అయింది' అని రాసి సంతకం గిలికాడు. కట్టిన అనుభవం నాలుగు మాటల్లో చెప్పమని ఆవిడని వేదిక మీదికి పిలిచారు.

"సరిగ్గా ఆరు గంటలు పట్టిందండీ," అంది పర్మనెంట్ ఉద్యోగి, కళ్లార్పకుండా.