తనంతట తానే నడిచే కారు

నవ్వనంటేనే చెబుతాను. సరే, నవ్వండి. మా ఆవిడ నెల రోజులుగా నవ్వుతూనే ఉంది, మీరూ కలవండి.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. ఊళ్ళోవాళ్ళందరి చూపూ సరిచేస్తాను. నా చూపు మాత్రం చిన్నప్పుడు టీవీలో చూసిన ఒక ఎర్ర కారు మీదే ఆగిపోయింది. ఆ సీరియల్లో కారుకి డ్రైవరుండడు. ఖాళీ సీటుతో తనంతట తానే బయల్దేరి, మలుపులు తిరిగి, దొంగల వెంటపడి పట్టుకుంటుంది. నేను అన్నం ముద్ద చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని చూసేవాణ్ణి.

అచ్చంగా ఆ కారే, ఇన్నేళ్ళకి, పాత కార్లు అమ్మే హామీ గారి షెడ్డులో కనిపించింది. ఆయన అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు. ప్రతిదానికీ "నాదీ హామీ" అంటాడు కాబట్టి హామీ గారయ్యాడు.

"షూటింగులో వాడింది ఇదేనా?"

"ఇదే! నాదీ హామీ. మీ కారిచ్చి ఇది పట్టుకెళ్ళండి."

మా కారు పదేళ్ళుగా నోరెత్తకుండా సామాన్లు మోస్తోంది. దాన్ని ఇచ్చేశాను. సర్వీసింగుకి ఇచ్చానని మా ఆవిడతో చెప్పాను. ఎర్ర కారుని లారీ మీద తెప్పించి, మా షెడ్డులో పెట్టి, టార్పాలిన్ కప్పాను. ఆవిడ మంచి మూడులో ఉన్నప్పుడు చెబుదామని నా పథకం.

మంచి మూడు రాలేదు, శనివారం వచ్చింది.

మా ఆవిడ కర్టెన్లూ సోఫా కవర్లూ కుడుతుంది. ఒక కొత్త హోటలు కోసం మూడు నెలలు నడుం విరుచుకుని ముప్ఫై రెండు కర్టెన్లు కుట్టింది. ఆవిడకి అదే మొదటి పెద్ద ఆర్డరు. హోటలు తెరిచేది ఆ శనివారం సాయంత్రమే. పదకొండింటికల్లా కర్టెన్లు అందకపోతే ఫ్యాక్టరీ సరుకు తెప్పించుకుంటానని మేనేజరు ముందే చెప్పేశాడు.

తొమ్మిదిన్నరకి ఆవిడ మూటలన్నీ గుమ్మంలో పెట్టి అడిగింది. "ఏమండీ, కారేదీ?"

షెడ్డులోకి తీసుకెళ్ళి టార్పాలిన్ లాగాను. ఆవిడ కారుని ఒకసారి, నన్ను రెండుసార్లు చూసింది.

"ఏంటిది?"

"మన కారే. సర్వీసింగులో రంగేశారు."

"రంగేస్తే రెండు తలుపులు మాయమవుతాయా?"

ఇంకేం చేస్తాను, నిజం కక్కేశాను. అరిస్తే బతికిపోయేవాణ్ణి. ఆవిడ అరవలేదు. "మీ సంగతి తర్వాత. ముందు మూటలు ఎక్కించండి" అంది.

మూటలు ఎక్కించి, స్టీరింగు ముందు కూర్చున్నాను. తాళం పెడితే కారు కుయ్యిమనలేదు. స్టీరింగు బొంగరంలా తిరిగింది గానీ చక్రం అంగుళం కదలలేదు. హామీ గారికి ఫోన్ చేశాను.

"సీరియల్లో ఎలా నడిచిందో అలాగే నడుస్తుందండీ. నాదీ హామీ!" అని పెట్టేశాడు.

టాక్సీవాడు రావడానికే గంటన్నరన్నాడు. మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగా సిగ్గేసింది నాకు. మూడు నెలల ఆవిడ కష్టాన్ని నా ముచ్చట మింగేసింది.

ఉన్నట్టుండి ఆవిడ కళ్ళు తుడుచుకుని నేను కూర్చున్న సీటు వీపు తడిమింది. "దిగండి. ఈ సీటు వీపు ఇంత లావెందుకుంది? లోపల దూది లేదు. ఈ కుట్టు చూడండి, దొంగకుట్టు. కింద జిప్పుంది!"

జిప్పు లాగితే సీటు లోపలంతా బోలు. అందులో చిన్న పీట, చిన్న స్టీరింగు, పెడల్సు, తాళం పెట్టే చోటు. కంటి ఎత్తున, బయటికి చూడ్డానికి పల్చటి వల గుడ్డ. డ్రైవరు ఆ సీటునే చొక్కాలా తొడుక్కుని కూర్చునేవాడన్నమాట! నా చిన్నతనమంతా ఆ జిప్పులోంచి జారిపోయింది.

నేను దూరబోతే బొజ్జ దగ్గర ఆగిపోయాను.

"తప్పుకోండి" అని ఆవిడ లోపలికెళ్ళింది. "జిప్పు వేయండి. పక్క సీట్లో నోరుమూసుకుని కూర్చోండి."

బయల్దేరాం. ఖాళీ సీటు, దానంతటదే నడిచే ఎర్ర కారు! రోడ్డు మీద నా వయసు వాళ్ళంతా కేకలేశారు. నేను చెయ్యి ఊపాను. రెండో సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు.

"డ్రైవరెక్కడ?"

"ఇది టీవీ కారండీ. తనంతట తానే నడుస్తుంది."

"అయితే లైసెన్సు కారు చూపిస్తుందా?"

సీటు మాట్లాడింది. "నేను చూపిస్తాను సార్. ఆయన మాటలు పట్టించుకోకండి. నేను పదేళ్ళుగా పట్టించుకోవడం లేదు." జిప్పు సందులోంచి లైసెన్సు పట్టుకున్న చెయ్యి బయటికొచ్చింది.

కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మా, ముందు కనిపిస్తోందా?"

"మా ఆయన కన్నా బాగానే కనిపిస్తోంది."

ఆయన సీటుకి సెల్యూట్ కొట్టి పంపించేశాడు.

పదకొండుకి అయిదు నిమిషాలుండగా హోటలు చేరాం. మేనేజరు కర్టెన్లు చూడనే లేదు. కారుని చూసి చిన్నపిల్లాడిలా గెంతాడు. "ఈ కారు ఓనరెవరు? మా ముందు హాల్లో పెట్టుకుంటాం!"

"నేనే" అంటూ రొమ్ము విరుచుకుని ముందుకొచ్చాను.

జిప్పులోంచి చెదిరిన జుట్టుతో దిగిన మా ఆవిడ డాష్‌బోర్డులోని కాగితాలు తీసింది. "ఇందులో నా పేరుందే!"

ఉంటుంది మరి. ఇచ్చేసిన కారు ఆవిడ పేరు మీదుంది కాబట్టి బదులుకొచ్చిందీ ఆవిడ పేరు మీదే రాశారు. ఇన్సూరెన్సని చెప్పి ఆవిడతో సంతకం పెట్టించింది నేనే.

పావుగంటలో బేరం తెగింది. కారు హోటలుకి. హోటలువాళ్ళ వ్యాను మా ఆవిడకి. ఇక మీదట వాళ్ళ కర్టెన్లూ కవర్లూ అన్నీ మా ఆవిడే కుడుతుంది. నేనూ అక్కడే ఉన్నాను గానీ నన్నెవరూ అడగలేదు.

మొన్న ఆదివారం ప్రాణం ఉండబట్టక చూడ్డానికి వెళ్ళాను. కారు చుట్టూ తాడు కట్టారు. దాటబోతే కాపలాదారు ఆపాడు.

"ఇది నా కారయ్యా!"

అతను జేబులోంచి చీటీ తీసి నన్నూ, దాన్నీ మార్చి మార్చి చూశాడు. "కళ్ళజోడు, బొజ్జ, నా కారంటాడు... మీరే కదూ సార్? మేడం రాసిచ్చారు. పది నిమిషాలు చూడనివ్వమన్నారు, ముట్టుకోనివ్వొద్దన్నారు."

"పదిహేను చెయ్యవయ్యా, పుణ్యముంటుంది."

"మేడంని అడగండి సార్."

ఇవాళ పొద్దున అడిగాను. సాయంత్రంలోగా రెండు వందల కర్టెన్లకి రింగులు తొడిగితే ఆలోచిస్తానంది. ఇంకా ఎనభై మిగిలాయి, లేస్తానర్రా.