ఇరవై తెలుగు సీట్లు

పది గంటలకల్లా స్కూల్లో అప్లికేషన్ ఇచ్చేసి పదకొండుకి పని దగ్గర ఉండాలని ఆ సోమవారం పొద్దున తమిళరసన్ అనుకున్నాడు. టైల్స్ మేస్త్రి కాబట్టి దేన్నైనా కొలిచి, గీత గీసి, ఆ గీత మీదే నడవడం అతనికి అలవాటు. స్కూలు ఆఫీసులకి ఆ అలవాటు లేదని అప్పటికి తెలియదు.

తమిళనాడులోని ధర్మపురి చివర వాళ్ళ పేట నుంచి నడిచి వెళ్ళగలిగే హైస్కూలు తెలుగు సంఘం వాళ్ళది ఒక్కటే. అది తప్పితే రెండు బస్సులు మారాలి. ఆ రెండు బస్సులతో వేగలేకే అతని అక్క కూతురు సుగన్య ఎనిమిదిలో చదువు మానేసి హోసూరులో కంపెనీ పనికి పోతోంది. తన కూతురు శివరంజనికి ఆ గతి పట్టకూడదు. పైగా ఆ స్కూలు వరండాలో టైల్స్ పరిచింది తనే. వాటి మీద కూతురు పుస్తకాల సంచితో నడవాలని అతనికి గట్టి కోరిక.

ఆరో తరగతిలో నలభై సీట్లు. ఇరవై ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకి, ఇరవై మిగతావాళ్ళకి. మిగతావాళ్ళ పేర్లు చీటీల మీద రాసి, ప్లాస్టిక్ బకెట్లో వేసి తీస్తారు. నిరుడు ఆ బకెట్లో మూడొందల చీటీలు పడ్డాయి. తెలుగు వైపు అప్లికేషన్లు ముప్పై. తమది తరతరాలుగా తెలుగిల్లు కాబట్టి సీటు చేతిలో ఉన్నట్టేనని తమిళరసన్ ధీమా.

గుమాస్తా సదాశివం కాగితాలు తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"పేరు తమిళరసన్. అడిగేది తెలుగు సీటు."

"మా అప్ప పెట్టినాడు సార్. నన్నడిగి పెట్టలే."

"పాప టీసీలో ఇంటి బాష తమిళం అని ఉండాదే?"

తమిళరసన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఒకటో తరగతిలో చేర్చిన రోజు టీచర్ ఇంటి భాష ఏమిటని అడిగింది. చేతులకి సిమెంటు, పని దగ్గర జనం ఎదురుచూపు. ఏదో ఒకటి రాసుకోండి అని తనే చెప్పి వచ్చేశాడు.

"సార్, ఇప్పుడు నేను మీతో మాట్లాడతా ఉండేది ఏం బాష?"

"తెలుగే. నాకు తెలుసును. కాగితానికి తెలియాల గదా! ఇంట్లో తెలుగే మాట్లాడతారని పక్కిండ్లోళ్ళు ఎవురితోనైనా సంతకం చేయించుకోని రా. ఆ తరవాత పాప టీచరమ్మ ముందర అయిదు నిమిషాలు తెలుగులో మాట్లాడాల."

పని సంగతి ఆ రోజుకి మర్చిపోవలసి వచ్చింది. ఎదురింటి మణివణ్ణన్ తమిళుడు. జెరాక్స్ షాపు నడుపుతాడు. రాయించడం, జెరాక్స్, సంతకం అన్నీ ఒకేచోట అయిపోతాయని తమిళరసన్ అక్కడికే వెళ్ళాడు. జీవితంలో అతను చేసిన పెద్ద తప్పుల్లో ఇది రెండోది. మొదటిది సిమెంటు చేతులతో చేసినది.

మణివణ్ణన్ సంగతంతా విని, కాగితం రెండుసార్లు చదివాడు. "తెలుగు వైపు ముప్పై మందేనా తంబీ?" అని తమిళంలో అడిగాడు. అతని కొడుకు గోకుల్‌ది కూడా ఆరో తరగతే. కాగితం మాత్రం వదలలేదు. "నీకు నేను పెడతాను. మా గోకుల్‌కి నువ్వు పెట్టు. తెలుగోడి సంతకమైతే బరువుగా ఉంటుంది."

"అన్నా, మీ ఇంట్లో ఎవరు తెలుగు మాట్లాడతారు?"

"రేపటి నుంచి మాట్లాడతాం."

గత్యంతరం లేక తమిళరసన్ సంతకం పెట్టాడు. మణివణ్ణన్ మంచివాడే కానీ నోట్లో మాట నిలవదు. జెరాక్స్‌కి వచ్చిన ప్రతి తండ్రికీ బకెట్ సంగతి, ముప్పై సంగతి, ఎదురింటి మేస్త్రి సంతకం సంగతి విడమరిచి చెప్పాడు. బుధవారానికి తమిళరసన్ గుమ్మం ముందు చెప్పుల గుట్ట పడింది. కాదంటే మణివణ్ణన్ మొహం మాడ్చుకుంటాడు, ఇచ్చిన సంతకం వెనక్కి తీసుకుంటానంటాడు. తిట్టుకుంటూ, విసుక్కుంటూ, చివరి రోజుకల్లా ముప్పై ఎనిమిది కుటుంబాలు ఇంట్లో తెలుగే మాట్లాడతాయని సాక్షి సంతకం పెట్టాడు.

అంతటితో పీడ విరగడ కాలేదు. పిల్లలకి తెలుగు నేర్పమని అందరూ అతని భార్య మాదేశ్వరి మీద పడ్డారు. ఆమె పదకొండు మందిని వరండాలో కూర్చోబెట్టుకుంది. మూడో రోజుకే పిల్లల తల్లులు మొహాలు చిట్లించారు. "ఇదేం తెలుగు అక్కా, సగం తమిళమే ఉంది. ఇది మా పిల్లలకి ముందే వచ్చు" అని పిల్లల్ని లాక్కుపోయి టీవీలో తెలుగు సీరియళ్ళ ముందు కూర్చోబెట్టారు.

వారం తిరిగాక గోకుల్ పెరుగు గిన్నె ఇవ్వడానికి వచ్చి చేతులు జోడించాడు.

"నమస్కారం అత్తయ్యగారూ. తమరందరూ క్షేమమే కదా?"

మాదేశ్వరి బెదిరిపోయి లోపలున్న మొగుణ్ణి కేకేసింది. "మామా, ఇట్ల రా! ఈ పిల్లోడు నన్ను ఏమో తిడతా ఉండాడు!"

పరీక్ష రోజు టీచర్ వెంకటలక్ష్మమ్మ ముందు శివరంజని బెంచీ మీద కూర్చుంది. టీచర్ నెల్లూరు నుంచి ఈమధ్యే వచ్చింది. తమిళరసన్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పొద్దున లేచి ఏం చేశావమ్మా?"

"బెరీన లేసి, కుళిచ్చి, సాపాటు తినేసి, అప్పా బండ్లో ఎక్కోని పళ్ళిక్కూడం వచ్చినా మిస్. ఈడ జాస్తి కూట్టం ఉండాది. బయమైపొయ్యింది."

పెందలాడే లేచి, స్నానం చేసి, తిని, నాన్న బండెక్కి బడికొచ్చానని, ఇక్కడి జనాన్ని చూసి భయమేసిందని తమిళరసన్‌కి శుభ్రంగా అర్థమైంది. వెంకటలక్ష్మమ్మ మనస్ఫూర్తిగా నవ్వింది. "పాప ఎంత ముద్దుగా మాట్లాడుతోందో! ఏ భాషండీ ఇది?"

తమిళరసన్‌కి చిర్రెత్తుకొచ్చింది. "ఏ బాషనా? మా తాతలు, వాళ్ళ తాతలు మాట్లాడిన బాష అమ్మా! నాకు జొరమొస్తే మా అవ్వ ఈ బాషలోనే ఏడ్చింది, బిడ్డ పుడితే ఈ బాషలోనే పాట పాడినాము. తెలుగు కాకుంటే ఇంకేమి ఇది?"

"కోప్పడకండి" అంది ఆవిడ ఎంతో మర్యాదగా. "నెమ్మదిగా తమిళంలో చెప్పండి. నాకు కొంచెం అర్థమవుతుంది."

శుక్రవారం జాబితా అంటించారు. తెలుగు వైపు మొదటి పేరు గోకుల్. తమరు, గారు, ధన్యవాదాలు ఒక్కటీ వదలకుండా మాట్లాడాడట. ఇరవైలో పదకొండు మంది తమిళరసన్ సంతకంతో వెళ్ళినవాళ్ళే. శివరంజని పేరు ఎక్కడా లేదు. పిల్ల ఏడవలేదు. "అప్పా, రెండు బస్సులు మారేటప్పుడు సీటు దొరుకుతాదా?" అని మాత్రం అడిగింది. తను పరిచిన టైల్స్ మీదే నిలబడి తమిళరసన్ తల దించుకున్నాడు.

సదాశివం కిటికీలోంచి పిలిచాడు. "మేస్త్రీ, ఇంతమందిని తెలుగోళ్ళని చేసినావు, నీ బిడ్డని చెయ్యలేకపోతివే!"

"ఎగతాళి చెయ్యద్దండి సార్. వేగలేక ఉండాను."

"ఎగతాళి కాదు, విను. ఊరంతా తెలుగు వైపు పడిపోయింది. ఇరవై సీట్లకి నూటెనభై మంది. ఇంకో పక్క బకెట్లో చీటీలు ఎన్ని పడినాయో తెలుసునా? పదిహేడు. మూడు సీట్లు కాలీగా ఉండాయి. మీ పాప టీసీలో తమిళం అనే ఉండాది గదా, అదే నిజమని రాసిస్తే, మిగతావాళ్ళకి తెలిసేలోగా ఇప్పుడే చేర్చుకుంటాను."

కాగితం సిద్ధంగానే ఉంది. మా ఇంటి భాష తమిళం, వేరే భాష మాట్లాడము అని. ముప్పై ఎనిమిది అబద్ధాలకి చకచకా ఆడిన చెయ్యి ఈ ముప్పై తొమ్మిదోదాని దగ్గర మొరాయించింది. జాబితా చూడ్డానికి వెంట వచ్చిన మాదేశ్వరి పెన్ను తీసి అతని వేళ్ళ మధ్య పెట్టింది.

"పెట్టు మామా. ఇంటికి పొయ్యి తెలుగులో ఏడుస్తాము. ఎవురు అడ్డం?"

తమిళరసన్ సంతకం చేశాడు. సదాశివం దాన్ని వెలుతురుకెత్తి చూసి, పేరు కూడా సరిపోయిందని మెచ్చుకున్నాడు. శివరంజని అప్పటికే వరండా చివరిదాకా పరుగెత్తి, అంతకంటే వేగంగా తిరిగొచ్చింది.

తెలుగు రాని పిల్లలకి అలవాటయ్యేదాకా ఒక్కొక్కరి పక్కన ఒక తెలుగింటి బిడ్డని కూర్చోబెట్టడం ఆ స్కూలు పద్ధతి. సోమవారం నుంచి శివరంజనికి తెలుగు నేర్పే బాధ్యత గోకుల్‌కి అప్పగించారు.