మర్యాదగా చెప్పండి గారూ!

పోలీసులు మారలేదని ఇకమీదట ఎవరైనా అంటే వాళ్ల కళ్లు పోతాయి! స్టేషన్‌ని అత్తారిల్లని ఇన్నాళ్లూ వెటకారానికి అనేవాళ్లం. ఇప్పుడక్కడ జరిగే మర్యాద కొత్తల్లుడికైనా జరుగుతుందా?

ఈ పుణ్యమంతా ఒక అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థది. దాని నిపుణులు విమానం దిగి, పెద్ద హోటల్లో ప్రొజెక్టర్ పెట్టి, ముందు లాఠీ సంగతి ఎత్తారట. అది దేశ అంతర్గత వ్యవహారమని మన అధికారులు మొహం మాడ్చుకున్నారు. మరి ఉత్త చేతులతో తిరిగెళితే ఏం బాగుంటుంది? "పోనీ, ఆ 'ఒరేయ్' అనడమైనా మానండి" అని బతిమాలారు. మానితే నిధులు, మానకపోతే నివేదిక. మానేశారు! సంస్కరణంటే అదీ!

నమ్మరా? బట్టలు కుట్టుకునే ఒకావిడ సంగతి వినండి. ఆమె తమ్ముడు బైక్ మెకానిక్. ఎవడో దొంగబండి తెచ్చి అతని దగ్గర బ్రేకులు బిగించుకుపోయాడు. దాంతో పోలీసులు తమ్ముణ్ణి పట్టుకుపోయారు. ఒళ్లు హూనం కాకుండా తిరిగొస్తే చాలనుకుంటూ, మెళ్లో టేపు తీయడం కూడా మరిచిపోయి అక్క స్టేషన్‌కి పరుగెత్తింది.

"రండి మేడమ్ గారూ, కూర్చోండి" అన్నాడు కానిస్టేబుల్, కుర్చీ తుడిచి మరీ. ఆమె మనసు కుదుటపడింది. ఇంత మంచివాళ్లా!

అంతలో లోపలి గదిలోంచి ఇన్‌స్పెక్టర్ గొంతు వినబడింది.

"మెకానిక్ గారూ, మర్యాదగా చెప్పండి. ఆ దొంగ ఎవరండీ?" ధబ్!

"అమ్మో! నాకు తెలీదు సార్!"

"అలా అంటే ఎలాగండీ? కాస్త ఇటు తిరగండి, ప్లీజ్." ధబ్!

"మా తమ్ముణ్ణి కొడుతున్నారు!" అంటూ అక్క లేచింది.

"అదేంటి మేడమ్ గారూ, ఒక్క మాటైనా తూలారా?" అని కానిస్టేబుల్ నొచ్చుకున్నాడు. పాపం, ఆవిడకి శిక్షణ లేదు!

మర్నాడు సంస్థవాళ్లే స్వయంగా తనిఖీకి వచ్చారు. కుంటుతూ బయటికొస్తున్న తమ్ముణ్ణి ఆపి, దుబాసీ చేత అడిగించారు.

"ఎవరైనా ఒరేయ్ అన్నారా?"

"లేదండీ. కానీ నా వీపు..."

వీపు వాళ్ల ప్రశ్నల్లో లేదు! దుబాసీ అక్కడికే ఆపేశాడు. అందరూ చప్పట్లు కొట్టి, ఇన్‌స్పెక్టర్‌తో ఫొటో దిగారు. ఆయన త్వరలో పక్కదేశానికి పాఠాలు చెప్పడానికి వెళుతున్నాడు.

ఇంటికొచ్చాక అక్క కాపడం పెడుతూ "బాగా నొప్పిగా ఉందేంట్రా?" అంది. ఆ 'రా' చెవిన పడగానే, స్టేషన్లో బిగబట్టిన ఏడుపంతా కట్టలు తెంచుకుంది.

"ఇంకోసారి అనవే అక్కా, ఒరేయ్ అని!"

నాలుగు రోజులకి షాపు తెరిచాడు. ఓ పెద్దాయన బండి ఆపి, "మెకానిక్ గారూ!" అని పిలిచాడు. అంతే! స్పానర్ పడేసి, రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని గోడవారగా ముడుచుకుపోయాడు.

సంస్కరణలు ఒంటికి పట్టలేదని ఇంకా ఎవరండీ అనేది?