కలుపు శాఖకు కలుపు కావాలి

ఒక పెద్ద అడవిలో అడవికి తగ్గ పెద్ద కలుపు శాఖ ఉండేది. గుమాస్తా నక్క తప్ప ఉద్యోగులందరూ అడవి పందులే. మొక్కజొన్న చేలో కలుపు పీకడం వాళ్ల పని. పీకిన దానికంటే గట్టు మీద గురక పెట్టిందే ఎక్కువ. జీతం మాత్రం కంకుల్లో, ఠంచనుగా తీసుకునేవాళ్లు. మిగిలిన కంకులతో కుందేళ్లు వేసవి గడుపుకునేవి.

అటవీ సభకు అధ్యక్షుడు పులి. జన్మలో మొక్కజొన్న తినని జంతువుకే చేను అప్పజెప్పడం అక్కడి ఆనవాయితీ. ఆ ఏడు పులి కొత్త కలుపు మందు తెప్పించింది. విత్తనం వేసిన మర్నాడే, నేల తడిగా ఉండగా, ఏనుగు చేనంతా పిచికారీ చేసింది.

"ఈ మందు నేల పైపొరలో ఉండి, మొలకెత్తే కలుపును అక్కడే చంపేస్తుంది. మొక్కజొన్న మాత్రం దీన్ని అరిగించుకుంటుంది. ఆ పొరను ఎవరూ కదపకండి, అంతే" అని అందరికీ చెప్పింది ఏనుగు.

అన్నట్టే మొక్కజొన్న బారులు తీరి లేచింది. కలుపు జాడ లేదు. కుందేళ్లు సంబరపడ్డాయి. కలుపు శాఖ మాత్రం ఏడుపు మొహం పెట్టింది.

"కలుపే లేకపోతే మనల్నెందుకు ఉంచుతారు సార్?" అంది గుమాస్తా నక్క.

శాఖాధికారి పెద్ద పంది చాలాసేపు ఆలోచించింది. పాపం, అలవాటు లేని పని.

"మందు పనిచేస్తోందో లేదో తనిఖీ చెయ్యాలయ్యా. తవ్వి చూడందే ఎలా తెలుస్తుంది?" అంది.

పందులు ముట్టెలతో వరుసల మధ్య నేలంతా కుళ్లగించాయి. వాళ్ల సర్వీసులో ఒళ్లొంచి పనిచేసింది అదే మొదటిసారి.

ఒక తల్లి కుందేలు పరుగెత్తుకొచ్చింది. "అయ్యా, తవ్వకండయ్యా! మందు పొర చెదిరితే కలుపు లేస్తుంది. ఈ పంట పోతే ఎండల్లో నా పిల్లలకు ఏం పెట్టను?"

"తనిఖీకి అడ్డొస్తావా? పక్కకి జరుగు!" అని గదిమింది పెద్ద పంది.

తర్వాత వాన పడింది. అడుగు నుంచి పైకొచ్చిన కలుపు గింజలన్నీ మొలిచాయి. గలిజేరు, ఊదగడ్డి చేనంతా కమ్ముకున్నాయి.

"చూశారా, మందు దండగ! మేం లేకపోతే ఈ చేను గతేంటి?" అని సభలో రొమ్ము విరుచుకుంది పెద్ద పంది. పులి మెచ్చుకుని శాఖకు ఇంకొంతమంది సిబ్బందిని మంజూరు చేసింది. వచ్చినవాళ్లంతా పెద్ద పంది బామ్మర్దులే. పాతవాళ్ల పక్కనే గట్టు మీద చోటు చూసుకుని పడుకున్నారు.

కోత నాటికి ఒక్క కంకి కూడా లేదు. తల్లి కుందేలు పిల్లల్ని వెంటబెట్టుకుని అడవి వదిలి వెళ్లిపోయింది. ఎటు వెళ్లిందని అడిగిన సిగ్గున్న జంతువు సభలో ఒక్కటీ లేదు.

పందులు జీతం అడగబోతే, "కంకులెక్కడివయ్యా? చేలో ఏముంటే అదే జీతం" అంది పులి.

చేసేది లేక పెద్ద పంది చేలోకి దిగి ఇంత గలిజేరు నోట్లో పెట్టుకుంది.

"సార్," అంటూ నక్క చెవిలో గొణిగింది, "కలుపంతా తినేస్తే మన శాఖకు పనేం మిగులుతుంది?"

పెద్ద పంది ఉలిక్కిపడి ఆ ముద్ద ఉమ్మేసింది. శాఖ మొత్తం కలుపు ముందు కూర్చుని పస్తులుంది.

నీతి: శాఖను బతికించుకోవాలంటే కడుపు మాడాల్సిందే, ముందుగా ఎదుటివాళ్లది.