నూటొక్క పావురాలు, పద్నాలుగు కుర్చీలు

తన కూతురు యామిని మెడలో మూడు ముళ్ళు పడే క్షణాన నూటొక్క తెల్ల పావురాలను ఆకాశంలోకి వదులుతామని మున్సిపల్ చైర్మన్ నిరంజన్ గారు ప్రకటించారు. ప్రకటన సొంత ఇంటి హాల్లోనే, పదకొండుమంది విలేకరుల నడుమ జరిగింది. పంజరాల సంస్కృతికి తాను బద్ధ వ్యతిరేకినని, స్వేచ్ఛే తన ఊపిరని ఆయన సెలవిచ్చారు. చాయ్ ట్రేతో గుమ్మంలో నిలబడ్డ భార్య వసంతకు పావురాల సంగతి తెలిసిందీ అప్పుడే. పెళ్ళికి ఇంకా నాలుగు రోజులుంది.

ఆ సమయానికి ఊళ్ళోని ఇరవై నాలుగుమంది కౌన్సిలర్లలో పద్నాలుగుమంది హైదరాబాదు అవతల ఒక రిసార్టులో విశ్రాంతి తీసుకుంటున్నారు. పన్నెండు రోజుల నుంచీ విశ్రాంతే. వైస్ చైర్మన్ పెట్టిన అవిశ్వాస తీర్మానం పెళ్ళయ్యాక వచ్చే సోమవారం ఓటుకు వస్తుంది. ఈ పద్నాలుగుమంది నిలిస్తే నిరంజన్ గారి కుర్చీ నిలుస్తుంది, జారితే పోతుంది. వాళ్ళ మనశ్శాంతికి భంగం కలగకూడదని ఫోన్లన్నీ ఆయన తన బీరువాలో పెట్టించారు. రిసార్టు గేటుకు తాళం వేయించిందీ అందుకే. సాటి మనిషి గురించి అంత తపించే నాయకులు ఈ రోజుల్లో అరుదు.

పావురాలు వదలడమంటే మాటలు కాదు. వదలాలా వద్దా అన్నది తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ వసంత వంటింటి పక్కన భోజనాల బల్ల దగ్గర కూర్చుని రెండు పూటలు ఉప్మా, ఒక పూట పులిహోర తిన్నది. చైర్మన్ గారి కుడిభుజం మల్లికార్జున్ అధ్యక్షుడు. జంతుప్రేమికులు కేసు పెడితే ఏం చేయాలన్నది మొదటి అంశం. పశువుల డాక్టరు దగ్గర నూటొక్క ఆరోగ్య సర్టిఫికెట్లు తీసుకోవాలని తీర్మానించారు. శాస్త్రం ఒప్పుతుందా అన్నది రెండోది. శాస్త్రంలో పావురం ప్రస్తావన లేదని, కనుక అభ్యంతరమూ లేదని పెళ్ళి చేయించే అయ్యగారు తేల్చారు.

మూడో అంశం వసంత లేవనెత్తింది. పెళ్ళిపిల్ల కట్టుకునే గద్వాల చీరను నేతగాడు మార్కండేయ మూడు నెలలు మగ్గం మీద కూర్చుని నేశాడు. "నూరు పిట్టలు నెత్తి మీద ఎగురుతయంటిరి. చీర మీద గలీజు చేస్తే ఎట్ల?" అని అడిగింది.

కమిటీ కలం పక్కన పెట్టి ఆలోచనలో పడింది. అయిజలో పావురాలు పెంచే సామ్యూల్‌ను పిలిపించారు. పెళ్ళికి కిరాయికి మాట్లాడుకున్నది అతని పిట్టలనే.

"పెండ్లినాడు పొద్దున జర మేత బంద్ వెడితే చెయ్యవమ్మా," అన్నాడు సామ్యూల్.

ఏ పనైనా అరకొరగా చేయడం మల్లికార్జున్‌కు గిట్టదు. రెండు రోజులు బంద్ పెట్టమన్నాడు.

"రెండు దినాలా? ఆకలైన పిట్టకు ఆకాశం కనబడదు సారూ. గింజలే కనబడ్తయి."

అతని అభిప్రాయాన్ని కమిటీ గౌరవంగా రాసుకుని, మేత బంద్ పెట్టించింది. లేవబోతుంటే, అటుగా వచ్చిన చైర్మన్ గారికి ఒక సందేహం వచ్చింది. వదిలిన పావురాలు ఎటు పోతాయి?

"ఇంటికే సారూ. తలుపు తీస్తే ఇంకేడికి పోతయి?"

ఆ సాయంత్రమే రిసార్టు గేటుకు రెండో తాళం పడింది.

మరునాడు ఏడో వార్డు కౌన్సిలర్ వెంకటయ్య భార్య అలివేలమ్మ వసంతకు ఫోన్ చేసింది. "అక్కా, మా ఆయన బీపీ గోళీలు ఇంట్లనే మర్చిపోయి పోయిండు. ఫోన్ జేస్తే ఎత్తడు. పెండ్లికన్న తోలుకొస్తరా? గిన్ని గోళీలిచ్చి, జర మొఖం జూసుకుంట," అన్నది.

వసంత ఈ సంగతి భర్త చెవిన వేసింది. పావురాల కన్నా దీనికే ఎక్కువ పొద్దు పట్టింది. కౌన్సిలర్లు లేకుండా పెళ్ళి చేస్తే జనం ఏమనుకుంటారు? తీసుకొస్తే వాళ్ళు ఎటు పోతారు? చివరికి పరదాలు దించిన బస్సులో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాలని, వరసకు ఆ చివర నలుగురు, ఈ చివర నలుగురు నమ్మకమైన కార్యకర్తలు ఉండాలని, భోజనం కూడా కుర్చీల్లోకే రావాలని నిర్ణయం జరిగింది.

"పెండ్లికి ఇడుస్తం. ఇంటికి ఇడువం," అన్నారు నిరంజన్ గారు.

"పావురాలను ఇడుస్తనంటివి గద?"

"అవి ఓటెయ్యవు."

ఆయన రాజకీయ పరిజ్ఞానానికి దండం పెట్టి వసంత లోపలికి పోయి మూడు బేసిన్లలో బియ్యం పోసి, పసుపూ నెయ్యీ వేసి, అక్షింతలు తనే కలిపింది. పెద్ద పెళ్ళి, ఆరువందల మంది. ఎవరి పిడికిలీ ఖాళీగా ఉండకూడదని ఆమె పట్టుదల.

ఆత్మకూరు రోడ్డులోని ఫంక్షన్ హాలు ముందు ఆరుబయట మండపం వేశారు. ముహూర్తానికి భజంత్రీలు మోగాయి. వరుడు తాళి ఎత్తాడు. నిరంజన్ గారు కాలరుకు మైకు తగిలించుకుని, స్వయంగా పంజరాల రిబ్బను లాగారు. నూటొక్క పావురాలు ఒక్కసారిగా లేచాయి. మండపం గుంజల ఎత్తు దాకా వెళ్ళాయి. సరిగ్గా అప్పుడే ఆరువందల మంది అక్షింతలు విసిరారు.

పావురాలు దిగాయి.

అయ్యగారి భుజం మీద దిగాయి, వరుడి తలపాగా మీద దిగాయి, యామిని చీర కుచ్చిళ్ళ చుట్టూ దిగి టకటకా ఏరుకోసాగాయి. ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని జనం ఇంకో పిడికెడు విసిరారు.

"చీర! చీర!" అని మల్లికార్జున్ అరిచాడు. ముందు వరస చివర్లలో కూర్చున్న ఎనిమిదిమంది కార్యకర్తలు తువ్వాళ్ళు ఊపుతూ మండపం ఎక్కారు. ఈ చివర తోలితే ఆ చివర వాలుతున్నాయి. చైర్మన్ గారు రెండు చేతులూ ఊపారు. "పోండి! ఇడిచిపెట్టిన గద, పోరేంది?" అన్న ఆయన గొంతు మైకులోంచి ఆత్మకూరు రోడ్డు దాకా వినిపించింది.

బియ్యం అయిపోయేదాకా ఇరవై నిమిషాలు పట్టింది. వసంత కూతురి చీర దులిపి చూసింది. ఒక్క మరకా లేదు. కమిటీ చెప్పింది చెప్పినట్టే జరిగింది. తృప్తిగా తలెత్తేసరికి ముందు వరసలో పద్నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

హాలు వెనక వంటల వైపు ఉన్న గేటు దగ్గరికి ఆమె పరుగున వెళ్ళింది. అక్కడ అలివేలమ్మ గోళీల అట్ట పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, మా ఆయన నన్ను జూసిండు. చెయ్యి గూడ ఊపిండు," అన్నది. "ఊపుకుంటనే బస్సెక్కిండు. అది మీ బస్సే గదా?"

పరదాలు దించిన బస్సొకటి అప్పటికే రోడ్డెక్కింది. దాని వెనక అద్దం మీద పోస్టరులో వైస్ చైర్మన్ గారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు.

గోడవారన సామ్యూల్ పంజరాల్లో గుప్పెడు గుప్పెడు జొన్నలు పోస్తున్నాడు. పావురాలు ఒకదాని వెనక ఒకటి నడుచుకుంటూ లోపలికి పోయాయి. తలుపు వెయ్యవా అని వసంత అడిగింది.

"ఎందుకమ్మా, నూటొక్కటీ వచ్చినయి," అన్నాడు సామ్యూల్.

లోపల మైకులో నిరంజన్ గారు విలేకరులకు స్వేచ్ఛ గురించి చెబుతున్నారు. అలివేలమ్మ గోళీల అట్టను కొంగున ముడేసుకుని, బస్సు పోయిన దిక్కు చూసింది.

"గీ కొత్తోళ్ళన్న గోళీలు ఇయ్యనిస్తరా అక్కా?"