ఐరోపా వారి నీలికార్డు, ఎర్రకార్డు

శనివారం పొద్దున విత్తోరియా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి గ్రంథాలయం తాళం తీసి, నలభై కుర్చీలు వేసి, టీ కాచాలి. పదింటికి ఐరోపా సమాఖ్య తరఫున వచ్చే అమ్మాయి ఏం చెప్పినా తలూపాలి. పన్నెండున్నరకల్లా ఇంటికెళ్ళి, సన్నటి సెగ మీద పెట్టి వచ్చిన కుందేలు కూర దించుకోవాలి.

ఆ తలూపడం మీదే ఆమె ఉద్యోగం ఆధారపడి ఉంది. హల్ సఫ్రా గ్రంథాలయానికి నెలకు పదకొండు మంది వస్తారు. వారిలో ముగ్గురు వాన పడితేనే వస్తారు. ఊరి కౌన్సిల్ దాన్ని మూసేయాలని నిర్ణయించింది. అయితే ఒక దారి మిగిలింది. అక్కడ ఐరోపా వారి పౌరుల సమావేశం జరిగి, వచ్చినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఏదో ఒక్క విషయం మీద ఒప్పుకుంటే, ఆ గది ఐదేళ్ళపాటు పౌరవిద్యా కేంద్రం పేరుతో గ్రంథాలయంగానే ఉంటుంది. ఒప్పుకోకపోతే సోమవారం నాడు చీటీ వేసి, ఊరి పండగల్లో మేళం వాయించే రెండు బ్యాండు క్లబ్బుల్లో ఒకదానికి ఇచ్చేస్తారు. పండగ జెండాకర్రలు పెట్టుకోవడానికి రెండు క్లబ్బులకూ చోటు చాలడం లేదు. పందొమ్మిదేళ్ళుగా ఆ తాళంచెవి విత్తోరియా నడుముకే వేలాడుతోంది.

ఫిన్లాండు నుంచి వచ్చిన అమ్మాయి పేరు టూలికీ. చెప్పిన వేళకు ఐదు నిమిషాల ముందే వచ్చి, ఇచ్చిన టీ అంతా తాగి, అట్టపెట్టె విప్పింది. అందులో ఒక కట్ట నీలికార్డులు, ఒక కట్ట ఎర్రకార్డులు ఉన్నాయి.

"ఒప్పుకునేవాళ్ళు నీలం ఎత్తాలి, ఒప్పుకోనివాళ్ళు ఎరుపు. మనిషికి రెండూ ఇద్దాం" అంది.

విత్తోరియా అట్టపెట్టె అడుగుదాకా వెతికింది.

"అమ్మాయ్, పసుపు లేవా? పోనీ ఊదా? మట్టిరంగైనా ఫరవాలేదు."

"ఎందుకండీ? రంగుదేముంది?"

హల్ సఫ్రాలో ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. చర్చి ముందు, గ్రంథాలయం ఉన్న కూడలికి తూర్పున సెయింట్ రొక్కు క్లబ్బు ఉంది, దానిది ఎరుపు. పడమట సెయింట్ లెనార్డు క్లబ్బు ఉంది, దానిది నీలం. ఎర్రవాళ్ళ ఇంట్లో నీలం బకెట్టు కనిపించదు. నీలంవాళ్ళు టమాటాలను కూడా సంచీ అడుగున పెట్టి తెచ్చుకుంటారు. విత్తోరియా పుట్టిల్లు నీలం, అత్తిల్లు ఎరుపు. పండగ రోజుల్లో ఆమె బాల్కనీకి తెల్ల దుప్పటి వేలాడదీసి, ఇద్దరి చేతా మాటలు పడుతుంది.

పదింటికి ముప్ఫై తొమ్మిది మంది వచ్చారు. ప్రతి ఒక్కరూ రెండు కార్డులూ తీసుకుని, ఒకటి వెంటనే తిరిగి ఇచ్చేశారు.

"ఇది నాకొద్దమ్మా, దీనితో పనిలేదు" అన్నాడు మంగలి నజ్జరేను. ఆయన నీలం క్లబ్బు అధ్యక్షుడు. ఎర్రకార్డును రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని ఇచ్చాడు.

టూలికీ మొదటి ప్రశ్న చదివింది. "బడి ముందు రోడ్డు దాటడానికి తెల్లగీతలు వేయాలా?"

నీలాలన్నీ లేచాయి. ఎరుపులన్నీ లేచాయి. ముందువరుసలో ముసలి కార్మ్ని అందరికంటే ఎత్తుగా ఎరుపు ఎత్తింది.

"అదేంటత్తా, నీ మనవరాలు రోజూ అక్కడే కదా దాటేది?" అంది విత్తోరియా.

"దాటుతుంది. దాని చెయ్యి నేను పట్టుకుంటా. దానికోసం ఈ చేత్తో నీలం పట్టుకోమంటావా?"

టూలికీ లెక్కపెట్టింది. నీలం ఇరవై, ఎరుపు పందొమ్మిది. "ఎంత గట్టి అభిప్రాయాలో!" అని మురిసిపోయి పుస్తకంలో రాసుకుంది.

నజ్జరేను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒక్క ఓటుతో గెలిచాం రా!" అని కేకేశాడు. ఏం గెలిచారో క్లబ్బులో ఎవరూ అడగలేదు. పండగకని దాచుకున్న టపాకాయల్లోంచి మూడు తీసి పేల్చారు.

ఆ చప్పుడుకి కసాయి కొట్టులోంచి చెన్సు కత్తితో సహా బయటికొచ్చాడు. ఆయన ఎర్రక్లబ్బు అధ్యక్షుడు, విత్తోరియాకు వరసకు బావ.

"ఎవరు చచ్చారు?"

"ఎవరూ చావలేదు. ఐరోపాలో నీలం గెలిచిందట" అన్నారెవరో.

"ఐరోపాలోనా? మనల్ని పిలవకుండానే?"

పావుగంటలో ఎర్రవాళ్ళు అరవై మంది వచ్చి గ్రంథాలయం గుమ్మం ముందు నిలబడ్డారు. వాళ్ళను చూసి నీలంవాళ్ళు ఎనభై మంది వచ్చారు. కుర్చీలన్నీ కూడలిలోకి మోశారు. చెన్సు పొరుగూరిలో కాపురమున్న కూతుళ్ళకు ఫోను చేశాడు. నజ్జరేను తన కొట్టులో సగం గడ్డం గీసి వదిలేసిన మనిషిని అలాగే లాక్కొచ్చాడు. ఎర్రబ్యాండు వచ్చింది. అది వచ్చిందని నీలిబ్యాండు వచ్చింది. బస్సు ఆగిపోయింది. డ్రైవరు ఎర్రవాడు కావడంతో, దిగి తనూ ఒక కార్డు తీసుకున్నాడు. మంచంలో ఉన్న తొంభై మూడేళ్ళ వెంజును మంచంతో సహా ఎత్తుకొచ్చారు.

"ఏం అడుగుతున్నార్రా?" అన్నాడు వెంజు.

"అది నీకెందుకు తాతా? నువ్వు ఎత్తు."

టూలికీ మెట్లెక్కి నిలబడింది. "పన్నెండు దేశాల్లో ఈ సమావేశాలు పెట్టాను. చాలాచోట్ల వచ్చేవాళ్ళకు బిస్కట్ల ఆశ చూపాలి" అంది ఉప్పొంగిపోతూ.

తాగునీరు శుభ్రంగా ఉండాలా? నీలం రెండు వందల ఆరు, ఎరుపు రెండు వందల ఆరు. పిల్లలకు బడిలో పౌరహక్కులు నేర్పాలా? రెండు వందల ఆరు, రెండు వందల ఆరు. యుద్ధాలు మంచివి కావన్న మాటకు కూడా ఎర్రవాళ్ళు ఒప్పుకోలేదు. ప్రతి లెక్క తర్వాతా రెండు బ్యాండులూ తామే గెలిచినట్టు వాయించాయి.

పన్నెండయ్యేసరికి టూలికీ ముఖంలో నవ్వు తగ్గింది. "విత్తోరియా గారూ, ఇంక ఒక్క ప్రశ్నే ఉంది. మూడింట రెండొంతులు రాకపోతే నేను సంతకం పెట్టలేను. క్షమించండి."

విత్తోరియా నడుం దగ్గర తాళంచెవి తడుముకుంది. తన ఇంటివైపు నుంచి మాడువాసన వస్తోంది. కాళ్ళ దగ్గర ఎవరో పారేసుకున్న కార్డు బోర్లా పడి ఉంది. దాని వీపు తెల్లగా ఉంది. ఇంకో కార్డు తిప్పి చూసింది. అదీ తెలుపే.

"అమ్మాయ్, కార్డు ఏ వైపు చూపించాలో నీ నియమాల్లో ఉందా?"

టూలికీ నలభై ఆరు పేజీలూ తిరగేసింది. "కార్డు ఎత్తాలి అని మాత్రమే ఉందండీ."

విత్తోరియా నేరుగా చెన్సు దగ్గరికి వెళ్ళింది.

"బావా, గ్రంథాలయం మూసేస్తే సోమవారం చీటీ వేస్తారు."

"వెయ్యనీ. మనకే వస్తుంది."

"వాళ్ళకొస్తే? నీ క్లబ్బు కిటికీ ఎదురుగా వాళ్ళ జెండాకర్రలు. ఏడాది పొడుగునా."

చెన్సు తన క్లబ్బు కిటికీ వైపు తిరిగి చూశాడు. విత్తోరియా కూడలి దాటి నజ్జరేను దగ్గరికి వెళ్ళి, అక్షరం మార్చకుండా అదే మాట చెప్పింది. మంగలి కూడా తన క్లబ్బు కిటికీ వైపే చూశాడు.

ఆఖరి ప్రశ్న విత్తోరియానే చదివింది. "ఈ గది గ్రంథాలయంగానే ఉండాలా? ఉండాలి అనేవాళ్ళు కార్డు వీపు చూపించండి. వద్దు అనేవాళ్ళు రంగు చూపించండి."

చెన్సు నజ్జరేను వైపు చూశాడు. నజ్జరేను చెన్సు వైపు చూశాడు. ఇద్దరూ ఒకేసారి ఎత్తారు. మరుక్షణం కూడలి అంతా, బట్టలుతికి ఆరేసినట్టు, తెల్లబడిపోయింది. నాలుగు వందల పన్నెండు మందిలో నాలుగు వందల పదకొండు మంది గ్రంథాలయం కావాలన్నారు. మిగిలిన ఒక్క ఎరుపు వెంజుది. ఆయన కార్డు ఎత్తి పట్టుకునే నిద్రపోయాడు.

టూలికీ సంతకం పెట్టి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. విత్తోరియా ఇంటికెళ్ళి కుందేలుని గిన్నెతో సహా పారేసింది. బడి ముందు తెల్లగీతల సంగతి ఎవరికీ గుర్తురాలేదు.

మూడు వారాలకు పెద్ద పార్సిలు, దానితో ఒక ఉత్తరం వచ్చాయి. పుస్తకాల కోసం ఒక ఊరు మొత్తం కదిలిరావడం తామెక్కడా చూడలేదనీ, హల్ సఫ్రాని ఆదర్శగ్రామంగా ప్రకటిస్తున్నామనీ టూలికీ పైఅధికారులు రాశారు. అయితే ఊరు మరీ సరిసమానంగా చీలి ఉన్నట్టు గమనించారట. అందుకని ఇంకా ఏ నిర్ణయానికీ రానివాళ్ళ కోసం, రాబోయే సమావేశానికి ముందుగానే, మూడో రంగు పంపుతున్నారట. పార్సిల్లో ఐదు వందల ఆకుపచ్చ కార్డులున్నాయి.

విత్తోరియా వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది. కానీ అంతకుముందే ఉత్తరాన్ని పోస్టుమాను చదివేశాడు.

చర్చిలో ఆదివారం పూజ అయ్యాక యాభై ఆరు మంది గ్రంథాలయానికి వచ్చారు. పందొమ్మిదేళ్ళలో ఆ గదిలో ఒకేసారి అంతమందిని విత్తోరియా చూడలేదు. చెన్సుతో పడనివాళ్ళు, నజ్జరేనుతో పడనివాళ్ళు, ఇంట్లో ఒకరిది ఎరుపూ ఒకరిది నీలమూ అయి అన్నాళ్ళూ నోరుమూసుకున్నవాళ్ళు అందరూ కనిపించారు. సగం గడ్డంతో ఓటేసిన మనిషి అందరికంటే ముందు కూర్చున్నాడు. విత్తోరియా సంతోషంగా టీ కాచి, "ఏ పుస్తకాలు కావాలండీ?" అని అడిగింది.

"పుస్తకాలేంటి అక్కా, క్లబ్బు పెట్టాం" అన్నాడు సగం గడ్డం మనిషి.

ఆకుపచ్చ క్లబ్బు వాళ్ళు జెండాకర్రలు పెట్టుకోవడానికి ఆ గదే కావాలని తమ మొదటి తీర్మానం ప్రవేశపెట్టారు, అది ఏకగ్రీవంగా నెగ్గింది.