మూడో మలుపు దగ్గర దగ్గు

అడవి గార్డుకు ఉద్యోగంలో అది ఆఖరి రోజు. పొద్దున్నే భార్యను కాలిబాట మీద నడిపించి, ఊట దగ్గర జింకల్ని చూపించి, పదింటికల్లా ఆఫీసులో వాకీటాకీ అప్పగించాలని ఆయన పథకం. ముప్పై ఏళ్లు ఆయనకు క్యారేజీ కట్టిన మనిషి ఆ బాటను ఒక్కసారి కూడా చూడలేదు. జింకలు ఈనే కాలమని రేపట్నుంచి మూడు నెలలు బాట మూసేస్తారు. ఈలోగా క్వార్టర్సు ఖాళీ చేసి వేరే ఊరు వెళ్లిపోవాలి. చూస్తే ఇవాళే చూడాలి.

ఆయనకో పద్ధతి ఉంది. ప్రతి మలుపు ముందూ రెండుసార్లు దగ్గి ఆగుతారు. అవతల జంతువుంటే బెదరకుండా తన దారిన తాను పోవాలని. బదులుగా చప్పుడు వస్తే, అది దాటేదాకా కదలకూడదు. కొత్త గార్డులకూ ఇదే నేర్పారు. వంటగదిలోకి వచ్చేముందు కూడా దగ్గే మనిషి కాబట్టి భార్యకు ఇదేం వింత కాదు.

"చలిగా ఉంది, మఫ్లర్ చుట్టుకోండి," అంటూ ఆమే నోరూ చెవులూ కలిపి చుట్టేసింది. కొంప ముంచింది అదే.

మూడో మలుపు దగ్గర ఆయన దగ్గితే మఫ్లర్‌లోంచి గుర్రుమంది. మలుపులోని పెద్ద బండకు అవతల్నుంచి కూడా ఏదో గుర్రుమన్నట్టే వినిపించింది.

"ఎలుగుబంటి. కదలకు," అన్నారు గొంతు తగ్గించి.

"నాకు మనిషి దగ్గులాగే ఉందండీ."

"ముప్పై ఏళ్ల అనుభవం నాది."

అంతలో వాకీటాకీలో ఆఫీసు గొంతు పలికింది: "మూడో మలుపులో ఎలుగుబంటి ఉందట. ఎక్కడివాళ్లు అక్కడే ఆగండి."

"విన్నావా?" అన్నారాయన గర్వంగా. దాన్ని సాగనంపుదామని గట్టిగా దగ్గారు.

"దానికి కోపమొచ్చిందట," అంది వాకీటాకీ. ఆయన ఇంకా గట్టిగా దగ్గారు. "ఇవాళ్టి నుంచే బాట బంద్. అది కదలగానే అందరూ వెనక్కి వచ్చేయండి."

ఆయన నీరుగారిపోయి బాట పక్కనున్న రాయి మీద చతికిలబడ్డారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ రాయి మీదే కూర్చుని క్యారేజీ విప్పేవారు. ఏ పిట్ట ఎక్కడ గూడు కట్టిందో సాయంత్రం ఇంటికెళ్లి చెబితే, ఆమె బియ్యం ఏరుతూ ఊకొట్టేది. ఆ రోజులు తలచుకుంటే ఆయనకు దుఃఖం ఆగలేదు.

"రేపు తీసుకెళ్తా, రేపు తీసుకెళ్తా అంటూనే గడిపేశాను," అన్నారు.

"పోనీలెండి. మీరు చెబుతుంటే చూసినట్టే ఉండేది."

అరగంట ఎవరూ దగ్గలేదు. పొద కదిలింది. తల్లి జింక బాట మీదికి వచ్చింది, వెనకే ఇంకా కాళ్లు నిలవని పిల్ల. పదడుగుల దూరంలో ఆగి, ఆమెను తేరిపార చూసి, తీరిగ్గా దాటిపోయాయి. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"రోజూ ఇంత దగ్గరికొస్తాయా?"

"నేను చూడటం కూడా ఇదే మొదలు."

"అంత దగ్గుతుంటే ఎలా వస్తాయండీ?"

బండ వెనకనుంచి ఒక తల తొంగిచూసింది. ఆయన దగ్గరే పని నేర్చుకున్న కొత్త గార్డు అమ్మాయి. ఆ అమ్మాయి చేతిలోనూ వాకీటాకీ ఉంది.

"సార్, మీరా? ఇప్పుడు రిపోర్టులో ఏం రాయమంటారు?"

"విన్నది విన్నట్టు రాయమ్మా."

'మూడో మలుపులో ముసలి ఎలుగుబంటి ఒకటి. దానివల్ల ప్రమాదమేమీ లేదు' అని ఉన్న ఆ రిపోర్టు మీద, ఒక్క అక్షరమైనా దిద్దకుండా, ఆయన తన ఆఖరి సంతకం పెట్టారు.